దేవుడు ఆగని గుమ్మాలు

పెందువ ఎడమ భుజం కాయ కాచి ఉండేది. ఊళ్ళో పిల్లలు దాన్ని ఒకసారి ముట్టుకోనివ్వమని వెంటపడేవారు. అతను కూర్చుని భుజం వంచి ఇచ్చేవాడు. అది దేవుడు కూర్చునే చోటు.

మిగతా రోజుల్లో అతను గార పనివాడు. కొండకు అవతలి లోయలో ఫరోల సమాధులు తొలిచేవారు. ఆ గోడలకు అతను గార పూసేవాడు. దాని మీద వేరేవాళ్ళు బొమ్మలు వేసేవారు. బొమ్మ చూసినవాడెవడూ గార చూడడు. పెందువకు దానితో పేచీ లేదు. గార కంటబడిందంటే ఎక్కడో పెచ్చు ఊడిందనే అర్థం, అనేవాడు.

ఊరంతా సమాధుల పనివాళ్ళదే. ఒకటే వీధి. వీధికి అటూ ఇటూ గోడకు గోడ ఆనుకుని ఇళ్ళు. ఒకింట్లో చేప కాలిస్తే వీధి మొత్తానికి ఆకలేసేది. ఎప్పుడో చనిపోయి దేవుడైన పాతకాలపు రాజొకాయన ఆ ఊరిని కనిపెట్టుకుని ఉండేవాడు. పండగనాడు ఆయన్ని పల్లకిలో కూర్చోబెట్టి వీధిలోకి తెచ్చేవారు. తగవులున్నవాళ్ళు ఎదురుగా నిలబడి అడిగేవారు. ఆయన ముందుకు నడిస్తే అవును. వెనక్కి నడిస్తే కాదు. గాడిద ఎవరిదో, గోడ ఎవరిదో, ఆరేసిన బట్ట ఎవరింట్లో ఉందో అన్నీ ఆయనే తేల్చేవాడు.

మోసేది ఊరివాళ్ళే. రాళ్ళు కొట్టేవాడూ గార కలిపేవాడూ ఆ రోజు గుండు గీయించుకుని, చవుడు నీళ్ళు పుక్కిలించి, ఉతికిన నారబట్ట కట్టుకుంటే శుద్ధుడయ్యేవాడు. పల్లకి కింద ఉన్నంతసేపూ మాట్లాడకూడదు.

"ఆయన కదిలినప్పుడు ఎలా ఉంటుంది బావా?" అని బావమరిది నఖి ఒకసారి అడిగాడు.

పెందువ భుజం తడుముకున్నాడు. "మొదలు ఉండదురా" అన్నాడు. "బరువు అన్ని వైపుల నుంచీ ఒక్కసారే వస్తుంది. ఎవరు ముందు అడుగేశారో ఎవరికీ తెలీదు. అందరం వేసేసి ఉంటాం."

అతని వెనక, అదే మోతకర్ర కింద, అపెహ్తి నడిచేవాడు. రాయి తొలిచేవాడు. నవ్వించేవాడు. పల్లకి ఎత్తేముందు ప్రతిసారీ పెందువ చెవిలో, "నిన్న ఉల్లిపాయలు తిన్నావు కదూ, దేవుడు ముక్కు మూసుకున్నాడు చూడు" అనేవాడు. పెందువ నవ్వు ఆపుకోలేక బిగుసుకుపోయేవాడు. అన్నేళ్ళలో అతను అపెహ్తి ముఖం చూసింది తక్కువ, భుజం ఎరిగింది ఎక్కువ. వెనకున్నవాడి భుజం ఏమాత్రం దిగినా ముందున్నవాడి మెడకు తెలుస్తుంది.

ఆ ఏడు నది పొంగు తీసిన తర్వాత కాసా చచ్చిపోయాడు.

కాసా కూడా పనివాడే. లోయ నుంచి ఊరికి వచ్చే కొండదారి కింద, రాళ్ళ మధ్య, తల పగిలి పడి ఉన్నాడు. కాలు జారిందనుకున్నారు. ఆ దారిలో మేకలు కూడా జారతాయి. శవాన్ని ఎత్తబోయిన పెద్దమేస్త్రి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదేంట్రా ఇది?"

కాసా తల పక్కన చదునైన రాయి మీద ఒక రొట్టె ఉంది. ఎవరూ కొరకనిది. రాయి చుట్టూ మట్టి తడిసి బీరు వాసన వేస్తోంది.

పెందువ అక్కడే ఉన్నాడు. చచ్చినవాడి తల దగ్గర రొట్టె ఎందుకు పెడతారో ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆకలితో పోయినవాడు పడమట చచ్చినవాళ్ళ లోకానికి పోడు, తిరిగొస్తాడు. తనను చంపినవాడి ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు.

"జారిపడ్డవాడు తన తల దగ్గర తనే పెట్టుకున్నాడా రొట్టె?" అన్నాడు మేస్త్రి. అందరి కళ్ళూ ఒకరి చేతుల మీది నుంచి ఇంకొకరి చేతుల మీదికి తిరుగుతున్నాయి.

ఊరు ఊగిపోయింది. ఊరికి నీళ్ళు మోసుకొచ్చే గాడిదలు ఆగే చోట కుండలు నిండి పొర్లిపోతున్నా ఆడవాళ్ళు మాట ఆపలేదు.

"పెట్టినవాడికి భయం ఉందంటే మనలోవాడే."

"మనలోవాడు కాక మరెవడు, అవతలి ఒడ్డు నుంచి పడవెక్కి వచ్చి మరీ చంపుతాడా కాసాను?"

"కాసా మీద కడుపుమంట ఎవరికుందో నేను వేరే చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అది నఖికే ఉంది. నఖి అంటే పెందువ భార్య వెబ్ఖెత్‌కు తమ్ముడు. కాసా తన కోసం సమాధి తొలుచుకుంటుంటే గోడ కాస్తా పగిలి పక్కనున్న నఖి తండ్రి సమాధిలోకి కన్నం పడింది. లోపల ముసలాయనతో పెట్టిన నూనె కుండలు కనబడలేదు. కాసాయే తీశాడని నఖి వీధి నడుమ అరిచాడు. "మా నాన్న కుండలు ఎక్కడున్నాయో చెప్పకపోతే ఆ కన్నంలో నిన్నే కుక్కి గోడ పూస్తా" అన్నాడు. గోడ పూయడం మా బావకు తెలుసని కూడా అన్నాడు. అప్పుడందరూ నవ్వారు. ఇప్పుడు నవ్విన ప్రతివాడికీ ఆ మాట గుర్తొచ్చింది.

నఖికి పెద్ద నోరు, చిన్న గుండె. పిడకలు అంటించడానికి కూడా మంట దగ్గరికి రాడు. కానీ కాసా పడిన రోజు అతను ఎక్కడున్నాడో చెప్పేవాళ్ళు లేరు. పండగ దగ్గర్లోనే ఉంది. పెద్దమేస్త్రీ, ఊరి లేఖకుడు హోరీ కూడబలుక్కుని దేవుణ్ణే అడుగుదామన్నారు. పల్లకి గుమ్మం గుమ్మం దగ్గర ఆగుతుంది. ఇంటివాడు బయట నిలబడాలి. పేరు పిలుస్తారు. ఆయన ఎవరి గుమ్మానికేసి ముందుకు నడిస్తే వాణ్ణి నది దాటించి మంత్రికి అప్పగిస్తారు. అటు వెళ్ళినవాణ్ణి బతకనివ్వరు.

పండగ రోజు తెల్లవారి మిద్దె మీద వెబ్ఖెత్ మొగుడికి గుండు గీస్తోంది.

"నీ భుజం మీదే కదా ఆయన ఉండేది" అంది.

"ఊఁ."

"నఖి పేరు పిలిచినప్పుడు నువ్వు కదలకు."

పెందువ తల ఎత్తబోయాడు. ఆమె అరచేత్తో నొక్కి పట్టింది. "కదలకు అన్నాను. కత్తి ఉంది."

"దేవుణ్ణి నేను ఆపాలా?"

"ఆపమనలేదు. నువ్వు నడవొద్దన్నాను."

"రెండూ ఒకటేనే."

"నాకు తెలీదు. నేనెప్పుడూ మొయ్యలేదు." కత్తి అతని చెవి వెనక ఆగింది. "వాడు చేశాడంటావా?"

"లేదు."

"మరి నీకు తెలిసింది ఆయనకు తెలీదా?"

"తెలుసు కాబట్టే నేనేమీ చెయ్యక్కర్లేదు."

వెబ్ఖెత్ కత్తిని నీళ్ళలో విదిలించింది. "చూడు. మా అమ్మ పోతూ వాడి చెయ్యి నా చేతిలో పెట్టింది. నీ చేతిలో కాదు, దేవుడి చేతిలో కాదు. వాడు నది దాటితే నువ్వు ఈ మెట్లెక్కి పైకి రావద్దు. కింద పశువులతో పడుకో."

"మనకు పశువులెక్కడివే?"

"తెచ్చుకో."

ఆమె ఏడుస్తోంది. గుండు మీద వేడి చుక్క పడింది. పెందువ తుడుచుకోలేదు. తను జీవితంలో ఒక్కటే నమ్మాడు. ఆ పల్లకి కింద ఎవరూ తోయరని. ఈ రోజు తను తోస్తే ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు తోశారేమో అన్న మాట పుడుతుంది. తోయకపోతే నఖి పోవచ్చు. అతను చవుడు నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. ఆ పూట చాలా చేదుగా అనిపించాయి.

ఎండ ఇంకా ముదరకముందే తప్పెట్లు మోగాయి. వీధి ఇరుకు. జనం మిద్దెల మీదికెక్కారు. గోడల మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. పల్లకి వీధి మొగలోకి రాగానే ఒక్కసారిగా అరుపు లేచింది, పిట్టలు ఎగిరిపోయాయి. కర్ర భుజానికి తగిలింది. వెనక నుంచి అపెహ్తి ఊపిరి. ఆ రోజు ఉల్లిపాయల మాట రాలేదు.

"ఇపుయ్!" అని కేక వేశాడు హోరి, మొదటి గుమ్మం దగ్గర. ఇపుయ్ ముసలివాడు, గోడ పట్టుకుని వణుకుతున్నాడు. దేవుడు వెనక్కి నడిచాడు. జనం ఊపిరి వదిలారు. ఇపుయ్ భార్య అతని వీపు మీద ఒక్కటి వేసి, "వణుకుతావేంటి, నువ్వే చేసినట్టు" అంది.

రెండో గుమ్మం పల్లకి మోసేవాళ్ళలో ఒకడిది. అక్కడ ఆగలేదు. మోసేవాళ్ళ గుమ్మాల దగ్గర దేవుడు ఎప్పుడూ ఆగడు. వాళ్ళు శుద్ధులు, ఆయన కిందే ఉన్నారు, అడిగేదేముంది? ఎన్నో పండగల నుంచి అంతే. తర్వాతి గుమ్మం, ఆ తర్వాతిది. వెనక్కి, వెనక్కి. ప్రతిసారీ బరువు మొదలు లేకుండా వచ్చింది. పెందువకు ధైర్యం పెరిగింది. ఆయన ఉన్నాడు.

నఖి తన గుమ్మం ముందు చేతులు జార్చుకుని నిలబడి ఉన్నాడు. ముఖం గారలా తెల్లబడింది. వెబ్ఖెత్ ఎదురు మిద్దె మీద ఉంది. కింద ఒక మూల కాసా భార్య, శోకంతో తల మీద దుమ్ము పోసుకుని.

"నఖి!"

పల్లకి ముందుకు దూకింది.

జనం కేక వేశారు. ఆ కేక మధ్యలో, రెప్పపాటులో, పెందువ మెడకు తెలిసింది. కర్ర మొదట వెనక వైపున దిగింది. తర్వాత మెలి తిరిగింది. తర్వాతే బరువు వచ్చింది. దీనికి మొదలు ఉంది. మొదలు అతని వెనకే ఉంది.

అతను మడమలు మట్టిలో దిగేసి నిలబడ్డాడు.

పల్లకి గిలగిల్లాడి సగం అడుగులో ఆగిపోయింది. దేవుడి తల మీది ఈక ముందుకీ వెనక్కీ ఊగింది. కర్ర భుజాన్ని చీల్చుకుంటూ పోతున్నట్టుంది. వెనకవాడు తోస్తూనే ఉన్నాడు. పెందువ కదల్లేదు.

"అవునా? కాదా?" హోరి గొంతు బొంగురుపోయింది. "మేస్త్రి గారూ, ఇది అవునంటారా కాదంటారా?"

"నన్నడుగుతావేంటయ్యా! నా పుట్టుకలో ఇలా చూళ్ళేదు!"

అప్పుడు పెందువ చెయ్యకూడని పని చేశాడు. కర్ర కింద నుంచి నోరు తెరిచాడు.

"ఆయన్ని అడగడం అయిపోలేదు" అన్నాడు.

జనం ఎవరా అని కర్ర కిందికి వంగి చూశారు.

"మా గుమ్మాలు వదిలేశారు. మోసేవాళ్ళవి. అక్కడ కూడా ఆగమనండి. ఎవడి గుమ్మం వస్తే వాడు కర్ర వదిలి వెళ్ళి నిలబడతాడు."

"ఇంతకుముందెప్పుడూ..." అని మొదలుపెట్టాడు హోరి.

"ఇంతకుముందెప్పుడూ నా మొగుడు చచ్చాడా?" కాసా భార్య మూల నుంచి లేచింది. "ఆగండి! అందరి దగ్గరా ఆగండి! శుద్ధులట, శుద్ధులు! గుండు గీసుకుంటే చేతులు కూడా గీసినట్టేనా?"

మిద్దెల మీద నుంచి ఆగాలి, ఆగాలి అని కేకలు. గోడల మీదివాళ్ళు మడమలతో గోడలు కొడుతున్నారు. పెద్దమేస్త్రి రెండు చేతులూ ఎత్తి ఒప్పుకున్నాడు. దాటొచ్చిన గుమ్మాలకు తర్వాత పోదాం, ముందున్నవి కానివ్వండన్నాడు. ముందున్నది పెందువదే.

పెందువ కర్ర వదిలాడు. ఆ చోటికి పెద్దమేస్త్రే వచ్చి దూరాడు. ఎవరో మిద్దె మీద నుంచి, "మేస్త్రి గారి బట్టతలకి గుండు ఎందుకు, దేవుడే గీసి పంపాడు!" అని అరిచారు. అంత ఉద్రేకంలోనూ వీధంతా నవ్వింది.

వెబ్ఖెత్ మిద్దె దిగి పరుగెత్తుకొచ్చి అతని పక్కన నిలబడింది. "ఏం చేస్తున్నావయ్యా?" అంది గుసగుసగా.

"తెలీదు."

పల్లకి మోస్తున్నంత కాలం అతనికి దేవుడి ముఖం కనబడలేదు. పైన ఉండేవాడు. ఇప్పుడు ఎదురుగా ఉన్నాడు, నల్లటి ముఖం, తెల్లటి కళ్ళు, పేరు పిలుస్తుంటే నేరుగా తనకేసే చూస్తున్నాడు. కర్రకు అడ్డం నిలిచింది ఎవరని అడుగుతున్నట్టుంది. పెందువ వీపు గోడకు ఆనించాడు.

దేవుడు వెనక్కి నడిచాడు.

వెబ్ఖెత్ అతని చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేట్టు. అతను వెళ్ళి మళ్ళీ కర్ర కింద దూరాడు.

తర్వాతి గుమ్మాల్లో ఒకటి మోసేవాడిది, అదీ దాటింది. వెనక్కి. జనం పల్లకితో పాటు జరుగుతున్నారు, మిద్దె నుంచి మిద్దెకు దూకుతున్నారు. వీధి చివర ఎడమ పక్క అపెహ్తి ఇల్లు. అతని తల్లి గుమ్మంలో నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది, కొడుకు వస్తే తాగించడానికి.

"అపెహ్తీ, బయటికి రావయ్యా" అన్నాడు మేస్త్రి.

"నేను వదిలితే పడిపోతాడు" అన్నాడు అపెహ్తి. నవ్వబోయాడు.

"నీ చోటుకి మనిషున్నాడు. రా."

"పెందువకు భుజం నొప్పిగా ఉన్నట్టుంది. అతను సరిగా పట్టడం లేదు. నేను వదల్లేను."

"వదులు అపెహ్తీ" అన్నాడు పెందువ, వెనక్కి తిరక్కుండా. "నేను పట్టుకున్నాను."

వదల్లేదు. ఇద్దరు వచ్చి అతని వేళ్ళు విప్పబోయారు. వేళ్ళు కర్రకు అతుక్కుపోయాయి. మెడ మీద అతని ఊపిరి పెందువకు నిప్పులా తగులుతోంది. హోరికి సహనం పోయింది. ఉన్న చోటనే ఉండనీ అని గొంతెత్తి పిలిచాడు.

"అపెహ్తి!"

ఎవరూ తోయలేదు. కర్ర మెలి తిరగలేదు. వెనక రెండు మోకాళ్ళు మడతపడ్డాయి, అంతే. ఎడమ పక్క కిందికి జారింది. మిగతావాళ్ళు తట్టుకునేలోగా దేవుడు పక్కకు ఒరిగాడు, ఇంకా ఒరిగాడు, ఈక వచ్చి ఆ గుమ్మాన్ని తాకింది. పెద్దాయన ఇంట్లోకి వంగి చూసినట్టుంది.

వీధి ఒక్కటే అరుపైంది. ముసలమ్మ చెంబు వదిలేసింది.

"రొట్టె పెట్టాను!" మట్టిలో మోకాళ్ళ మీద నుంచి అపెహ్తి అరుస్తున్నాడు. చేతులింకా కర్ర మీదే ఉన్నాయి. "రొట్టె పెట్టాను వాడికి! నా సద్దిరొట్టె! ఆ రోజు నేను పస్తున్నాను! ఆకలితో పోలేదు వాడు, నన్నెందుకు చూస్తాడు!"

మిగిలింది అతనే చెప్పాడు, దేవుణ్ణి నిలబెట్టేలోపే. కాసా సమాధి తొలవడానికి సాయం వెళ్ళింది అతనే. కన్నంలో దూరి ముసలాయన నూనె కుండలు తెచ్చుకుంది అతనే. నఖి నిందలన్నీ పడ్డ కాసా చివరికి అది కనిపెట్టాడు. కొండదారిలో నిలేసి, పండగనాడు దేవుడి ఎదుట చెప్పేస్తానన్నాడు. అపెహ్తి తోశాడు. తర్వాత కిందికి దిగి వెళ్ళి కూర్చుని ఏడ్చాడు. తర్వాత రొట్టె పెట్టాడు.

నఖి అక్కడే నిలబడి విన్నాడు. కాసా భార్య దగ్గరకు వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పెద్ద నోరు పెగల్లేదు. ఆమె అతన్ని తన్నలేదు, లేపనూ లేదు.

అపెహ్తిని నది దాటించిన రోజు పెందువ పనికి పోలేదు. రేవు దాకా నడిచి వెళ్ళాడు. పడవలో అపెహ్తి వెనక్కి తిరిగి, ఏదో తమాషా అనబోయి, మానేశాడు.

ఆ సాయంత్రం వెబ్ఖెత్ చేపా పచ్చి ఉల్లిపాయలూ పెట్టింది. అతను ఉల్లిపాయలు పక్కకు నెట్టాడు.

"నఖి గుమ్మం దగ్గర ఆపింది నువ్వే కదూ?" అంది.

"నేనే."

"మరి అపెహ్తి గుమ్మం దగ్గర?"

"అక్కడ నేను మొయ్యడం తప్ప ఏమీ చెయ్యలేదు."

"అయితే అది ఆయనే."

పెందువ చేప ముల్లు తీసి పక్కన పెట్టాడు. "వాడి మోకాళ్ళు" అన్నాడు. ఇంకో ముల్లు తీసి, "వాటిని మడిచింది ఎవరో" అన్నాడు.

అప్పటి నుంచి మోసేవాళ్ళ గుమ్మాల దగ్గర కూడా ఆగడం ఊరికి అలవాటైంది. తర్వాతి పండగకు అపెహ్తి చోటులో ఎవరు దూరాలన్న మాట వచ్చినప్పుడు నఖి వెనక వరసలో నుంచి చెయ్యెత్తాడు. గుండు గీయించుకుంటే తల నిండా గాట్లే. పల్లకి ఎత్తగానే పెందువ మడమ తొక్కాడు.

"అడుగు చూసుకోరా."

"మాట్లాడకూడదు కదా బావా."

మొదటి తగవు ఒక గాడిదది. ఇది నాదేనా స్వామీ అని ఒకడు అడిగాడు. పెందువ కళ్ళు మూసుకుని మెడతో విన్నాడు. ఎక్కడైనా మొదలవుతుందేమోనని వెతికాడు. వెనక కాదు, కుడి పక్క కాదు, తన కాళ్ళలోనూ కాదు. కళ్ళు తెరిచేసరికి ముందుకు నడిచేసి ఉన్నారు. నఖి ఒక్కడే వెనకబడి, కర్రకు వేలాడుతూ, అందుకోవడానికి పరుగెడుతున్నాడు.